"పర్వాలేదండీ" అనే అబద్ధం

"మీ పుస్తకం ఎవరు దిద్దారండీ? బాగా చేస్తారా?" తెనాలిలో ఒక పుస్తకావిష్కరణ సభలో బాపట్ల నుంచి వచ్చిన రచయిత్రి నన్నడిగింది. "పర్వాలేదండీ" అన్నాను. అది పచ్చి అబద్ధం.

మాది రేపల్లె. నా కథలో నిజాంపట్నంలో చేపలమ్ముకునే ఒకామె మొగుణ్ణి నిలదీస్తుంది: "నా రెక్కల కష్టం నీకెందుకియ్యాల?" ఫారానికి ఇంత అని తీసుకుని రాతప్రతి దిద్దిన పెద్దమనిషి దాన్ని "నా శ్రమఫలాన్ని మీకెందుకు ఇవ్వాలండీ?" అని మార్చాడు. నిలదీసిన ఆడది బతిమాలుకునే ఇల్లాలైపోయింది. అచ్చయ్యాక చూసుకుని ఏడ్చాను. అయినా సభలో పర్వాలేదన్నాను. ఆర్నెల్లకు ఆ బాపట్ల రచయిత్రి పుస్తకం వచ్చింది. అందులో కూలివాళ్లంతా పాఠ్యపుస్తకం భాష మాట్లాడుతున్నారు. ఆ నష్టంలో నా వంతు వుంది.

దీనికి మనం మొహమాటమని పేరు పెట్టుకుంటాం. మరి చాటున మనకు మొహమాటం ఏమైపోతుంది? ఇంట్లో కూర్చుని ఎడిటింగ్ చేసే ఒకావిడ నాకు తెలుసు. మార్జిన్‌లో ప్రశ్నలు రాస్తుంది: "ఈ పాత్ర ఇక్కడ ఎందుకు వూరుకుంది?" అని. "ఆవిడకు పొగరు" అన్న మాట నోటానోటా పాకి ఆమెకు పని తగ్గిపోయింది. ఆ ప్రశ్నల వల్లే బాగుపడిన కథల గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. మగవాడి తప్పు మీద మౌనం, ఆడదాని నైపుణ్యం మీద అపవాదు! ఇదేనా మన స్త్రీవాదం?

దిద్దుబాటును బహిరంగంగా విమర్శించడం మనకు కొత్త కాదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను 1887లో వెంకటనరసు అచ్చు వేసినప్పుడు ఆమె తన గురించి చెప్పుకున్న పీఠికనీ, కొన్ని పద్యాలనీ వదిలేశాడు. బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి, లోపాలు ఎత్తిచూపి, 1910లో వావిళ్ల వారి ద్వారా ఆ కావ్యాన్ని మళ్లీ ప్రచురించింది. ఆమె తిట్టి వూరుకోలేదు. ఏం పోయిందో చూపించింది.

మనమూ అలాగే రాయాలి. ఏ పని అడిగాం, ఎంత ఇచ్చాం, ఎన్నాళ్లు పట్టింది, దిద్దకముందు ఒక వాక్యం ఎలా వుంది, దిద్దాక ఎలా వుంది? ప్రూఫులు చూడమని ఇచ్చి, కథను నిలబెట్టలేదని నిందించడం అన్యాయం. మన తప్పులూ ఒప్పుకోవాలి. యాసను ముట్టుకోవద్దని నేను ముందు చెప్పలేదు. చివరి ప్రూఫులు నేను చూడలేదు. మొదటి పేజీలో ఎనిమిదేళ్లున్న పిల్లకు చివర్లో ఆరేళ్లని రాస్తే పట్టుకున్నది ఆ పెద్దమనిషే. అదీ చెప్పాలి. రాసింది అచ్చుకు ముందు వాళ్లకు చూపించి, జవాబుకు చోటివ్వాలి.

"పాపం, వాళ్ల పొట్ట కొట్టినట్టు కాదా?" అని కొందరంటారు. పొట్ట కొట్టేది గుసగుస. దానికి ఎవరూ జవాబు చెప్పుకోలేరు. రాతకు చెప్పుకోవచ్చు. మంచి దిద్దుబాటు అసలే కంటికి కనబడని పని. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా 'చందమామ' కథల్ని తీర్చిదిద్దినా, సంపాదకుడిగా చాలాకాలం అచ్చయిన పేరు చక్రపాణి గారిది. ఆయనకే అలా అయితే, ఇంట్లో వంటా ప్రూఫులూ కలిపి చూసుకునే ఆవిడ పేరు ఎవరు తలుస్తారు?

పుస్తక సమీక్షలకు మన పత్రికల్లో పేజీలున్నాయి. ఆ పుస్తకాలను దిద్దిన పనికి కూడా ఒక పేజీ ఇవ్వండి. మొదటి సమీక్ష నేను రాస్తాను. బాపట్ల రచయిత్రికి ఇప్పటికే ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. ఇక ఎవరడిగినా పర్వాలేదనను. ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.