వీపున అయిదు కిలోలు... కాళ్లకింద మూడు దేశాలు!

ముందు నడిచే గైడు ఉండడు. వెనకాల సామాన్లు మోసే కూలీ ఉండడు. చేతిలో పటం, వీపున చిన్న సంచి. అంతే! ఆల్ప్స్ మంచుకొండల చుట్టూ 170 కిలోమీటర్లు పరుగెత్తి, బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. ఎందుకింత కష్టం అంటారా... పదండి, చూసొద్దాం.

గుడి చుట్టూ ప్రదక్షిణ మనకు తెలిసిందే. కొండ చుట్టూ చేసే గిరిప్రదక్షిణ కూడా కొత్తేం కాదు. అరుణాచలంలో ఆ దారి 14 కిలోమీటర్లు. సింహాచలంలో అయితే 32. యూరప్‌లోనూ ఇలాంటి ప్రదక్షిణ ఒకటుంది. కాకపోతే అక్కడ మధ్యలో ఉన్నది పశ్చిమ ఐరోపాలోకెల్లా ఎత్తయిన మాంట్ బ్లాంక్ శిఖరం. ఎత్తు సుమారు 4,806 మీటర్లు. శిఖరం మీది మంచు పెరిగేకొద్దీ, తరిగేకొద్దీ ఆ అంకె కూడా కొద్దిగా మారుతుంటుంది. దాని చుట్టూ తిరిగే కాలిబాట పేరు 'టూర్ ద్యు మాంట్ బ్లాంక్'. ఫ్రాన్స్‌లో మొదలై, ఇటలీలోకి దిగి, స్విట్జర్లాండ్ మీదుగా మళ్లీ ఫ్రాన్స్ చేరుతుంది. చిత్రమేమిటంటే ఎక్కువమంది దీన్ని గడియారం ముల్లుకు ఎదురుదిశలోనే తిరుగుతారు. మన లెక్కలో చెప్పాలంటే అప్రదక్షిణం అన్నమాట!

నడిచేవాళ్లకు ఈ దారి పది, పదకొండు రోజులు పడుతుంది. అదే పరుగెత్తేవాళ్లు నాలుగైదు రోజుల్లో ముగించేస్తారు. పరుగంటే ఊళ్లో రోడ్డుమీద పరుగులాంటిది కాదు. దారిలో ఎక్కే ఎత్తులన్నీ కలిపితే దాదాపు పదివేల మీటర్లు. సముద్రమట్టం నుంచి ఎవరెస్టు కొస దాకా ఎక్కినా 8,849 మీటర్లే కదా!

ఒక బహుమతితో మొదలు

ఈ కథ 1760 నాటిది. జెనీవాకు చెందిన ఒరాస్ బెనెడిక్ట్ ద సోస్యూర్ అనే యువ శాస్త్రవేత్త మాంట్ బ్లాంక్ పాదాల దగ్గరున్న షామొనీ గ్రామానికి వచ్చాడు. ఆ శిఖరాన్ని ఎక్కే దారి కనిపెట్టినవారికి బహుమతి ఇస్తానని ప్రకటించాడు. దారి దొరకడానికి పాతికేళ్లు పైనే పట్టింది. 1786 ఆగస్టు 8న జాక్ బాల్మా అనే స్థానికుడు, మిషెల్ పకార్ అనే డాక్టరు తొలిసారి శిఖరం మీద కాలుపెట్టారు. మరుసటేడు సోస్యూర్ కూడా ఎక్కాడు. ఈలోగా ఆయన ఊరికే కూర్చోలేదు. 1767లోనే ఆ కొండ చుట్టూ తిరిగివచ్చాడు.

ఆ చుట్టుబాట మీద పరుగుపందెం 2003లో మొదలైంది. తొలి ఏడాది వానా గాలీ కలిసి విరుచుకుపడ్డాయి. ఏడొందల మంది దాకా బయల్దేరితే, దారంతా పూర్తిచేసింది 67 మందే. గెలిచింది నేపాల్‌లో పుట్టిన దవా షెర్పా. పట్టిన సమయం 20 గంటల పైచిలుకు. ఆయనే 2006 టురిన్ శీతాకాల ఒలింపిక్స్‌లో నేపాల్ తరఫున మంచుమీద స్కీయింగ్ కూడా చేశాడు. ఇప్పుడైతే మొనగాళ్లు ఇరవై గంటల లోపే చుట్టేస్తున్నారు. పోటీలో అక్కడక్కడా తిండీ నీళ్లూ అందించేవాళ్లుంటారు. డాక్టర్లుంటారు. దారి తప్పకుండా జెండాలుంటాయి. ఇవేవీ లేకుండా, తమంతట తాము రోజుకింత చొప్పున పరుగెత్తేవాళ్ల సంగతే వేరు.

పొద్దున పరుగు... రాత్రి సత్రం

అయిదు రోజుల పథకం అనుకుందాం. సగటున రోజుకు 34 కిలోమీటర్లు, రెండువేల మీటర్ల ఎక్కుడు. మొదటిరోజు ఫ్రాన్స్‌లోని లెజూష్‌లో బయల్దేరి, 2,329 మీటర్ల ఎత్తున్న బోనొమ్ కనుమ దాటి లె షాపియు అనే చిన్న పల్లెకు దిగుతారు. రెండోరోజు 2,516 మీటర్ల సేన్య్ కనుమ. ఆ కనుమ మీద నిలబడితే వెనక ఫ్రాన్స్, ముందు ఇటలీ. కాపలా లేదు, గేటు లేదు. అక్కణ్నుంచి హిమానీనదాలను చూస్తూ కూర్మయోర్ పట్టణానికి దిగడమే. మూడోరోజు 2,537 మీటర్ల గ్రాండ్ కోల్ ఫెరే దాటితే స్విట్జర్లాండ్. ఆ రాత్రికి లా ఫులీలో బస. నాలుగోరోజు షాంపే చెరువు పక్కగా ట్రియాన్ గ్రామం. అయిదోరోజు బాల్మ్ కనుమ మీదుగా మళ్లీ ఫ్రాన్స్. అక్కడో చోట నిట్టనిలువు బండకు బిగించిన ఇనుప నిచ్చెనలు పట్టుకుని ఎక్కాలి. దాటాక ఎడంపక్కన మాంట్ బ్లాంక్ మొత్తం కళ్లముందు పరుచుకుంటుంది.

దారి కనుక్కోవడం కష్టం కాదు. ఫ్రాన్స్‌లో రాళ్లమీద, చెట్లమీద తెలుపు, ఎరుపు పట్టీలు పూసి ఉంటాయి. స్విట్జర్లాండ్‌లో పసుపుపచ్చ బోర్డులు. వాటిమీద కిలోమీటర్లు ఉండవు. నడిస్తే ఎన్ని గంటలో రాసి ఉంటుంది. కొండల్లో దూరం కన్నా సమయమే నిజమైన కొలత మరి!

రాత్రిళ్లు కొండసత్రాల్లో పడక. బూట్లు గుమ్మం దగ్గరే విడిచి, అక్కడున్న చెప్పులు తొడుక్కుని లోపలికెళ్లాలి. ఒకే గదిలో పదిమందీ వరసగా పడుకుంటారు. దుప్పటి వాళ్లదే అయినా, లోపల వేసుకునే పల్చటి గుడ్డసంచి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. భోజనం వేళకు వచ్చామా సరే, లేకపోతే పస్తే. ఏ దేశంవాళ్లయినా ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే గిన్నెలోంచి సూప్ వడ్డించుకుంటారు. మర్నాటి వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. శాకాహారులు ఆ సంగతి ముందే చెప్పాలి. పడక కూడా నెలల ముందే ఖాయం చేసుకోవాలి.

బరువా... ప్రాణమా?

పరుగెత్తేవాడికి ప్రతి వంద గ్రాములూ భారమే. అందుకే సంచి సర్దేటప్పుడు మనసు ఒకటే గొడవపెడుతుంది... 'ఎండ కాస్తోంది కదా, ఈ వానకోటు ఎందుకు? ఈ ఉన్ని చొక్కా తీసేస్తే పోలా?' అని. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో జరిగిందేమిటో చూడండి. అదీ కొండల్లో వందకిలోమీటర్ల పరుగే. పాల్గొన్నది 172 మంది. పొద్దున బయల్దేరినప్పుడు చాలామంది నిక్కర్లు, పల్చటి చొక్కాలతోనే ఉన్నారు. గాలిని ఆపే కోటు తప్పనిసరి వస్తువుల జాబితాలో లేదు. మధ్యాహ్నానికి ఒక్కసారిగా గడ్డకట్టించే వాన, వడగళ్లు, ఈదురుగాలి. 21 మంది చనిపోయారు. వాళ్లలో దేశంలోనే పేరున్న పరుగువీరులూ ఉన్నారు. ఆ కొండల్లో గొర్రెలు కాసుకునే ఒకాయన ఆరుగురిని తన గుహలోకి తీసుకెళ్లి, మంటవేసి, దుప్పట్లు కప్పి బతికించాడు. వాళ్ల ప్రాణం నిలబెట్టినవి నిప్పూ, దుప్పటీ!

ఎందుకిలా జరుగుతుంది? వెయ్యి మీటర్లు పైకెళితే సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. లెజూష్ ఉన్నది సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో. కనుమలు రెండున్నరవేల మీటర్ల ఎత్తులో. అంటే ఊళ్లో 20 డిగ్రీలుంటే పైన పదే. దానికి గాలి తోడైతే ఒంటికి తెలిసే చలి ఇంకా ఎక్కువ. పరుగెత్తినంతసేపూ ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. కాలు మెలికపడి ఆగామా... చెమటతో తడిసిన బట్టలే శత్రువులవుతాయి. వణుకు మొదలవుతుంది. తర్వాత ఆలోచన మందగిస్తుంది. సంచిలోంచి కోటు తీసి వేసుకోవాలన్న తెలివి కూడా ఉండదు. అందుకే అనుభవజ్ఞులు చలి వేశాక కాదు, వేయకముందే కోటు తొడుక్కోమంటారు.

టోపీ ఉన్న వానకోటు, వెచ్చటి చొక్కా, తలకు కట్టుకునే లైటు, వెండిరేకులా మెరిసే పల్చటి ప్రాణరక్షణ దుప్పటి, ఈల, లీటరు నీళ్లు, కట్టుగుడ్డ, ఛార్జింగ్ ఉన్న ఫోను, కాగితం మీద పటం... ఎండ కాసినా ఇవి సంచిలోంచి తీయకూడదు. అన్నీ కలిపినా అయిదు కిలోలు దాటవు.

వెనక్కి తిరగడమూ విద్యే

గైడు లేకపోవడమంటే దారి చూపేవాడు లేకపోవడం మాత్రమే కాదు. 'ఇక చాలు, వెనక్కి పదండి' అని చెప్పేవాడు కూడా లేకపోవడం. ఆ మాట తనకు తానే చెప్పుకోవాలి. జులై, ఆగస్టు నెలల్లో ఆల్ప్స్‌లో మధ్యాహ్నం దాటాక ఉరుములూ పిడుగులూ మామూలే. అందుకే తెల్లారకముందే లేచి, మధ్యాహ్నంలోపే కనుమలు దాటేస్తారు. జూన్‌లో అయితే ఎత్తుల్లో మంచు ఇంకా కరగదు. పొద్దుటిపూట అది గాజులా గట్టిగా ఉంటుంది. పరుగు బూట్లు అక్కడ నిలవవు. సత్రం డబ్బు పోతుందనో, స్నేహితులు ఏమనుకుంటారనో ముందుకెళ్లినవాళ్లే చిక్కుల్లో పడతారు. మంచివిషయం ఏమిటంటే, ఈ దారిలో చాలాచోట్ల లోయలోకి దిగితే బస్సు దొరుకుతుంది. ఒకరోజు బస్సెక్కినంత మాత్రాన పరువేం పోదు!

గొర్రెల మందలకు కాపలా ఉండే పెద్ద తెల్లకుక్కల సంగతీ చెప్పుకోవాలి. 1990ల నుంచి ఫ్రాన్స్‌కు తోడేళ్లు తిరిగి రావడంతో కాపరులు వీటి పెంపకం పెంచారు. పరుగెత్తుకొచ్చే మనిషి వాటి కళ్లకు దొంగే. కుక్క ఎదురైతే పరుగు ఆపి, మెల్లగా మాట్లాడుతూ, మందకు దూరంగా చుట్టుతిరిగి నడిచిపోవాలి.

ఆపద వస్తే మూడు దేశాల్లోనూ 112కు ఫోన్ చేయొచ్చు. సిగ్నల్ లేకపోతే నిమిషానికి ఆరుసార్లు ఈల వేయాలి. తర్వాత ఒక నిమిషం ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. హెలికాప్టర్ కనిపిస్తే రెండు చేతులూ పైకెత్తి నిలబడితే 'సాయం కావాలి' అని అర్థం. ఊరికే చెయ్యూపితే పైవాళ్లు అయోమయంలో పడతారు.

మనవాళ్లు వెళ్లాలంటే...

మూడు దేశాలకూ ఒకే షెంగెన్ వీసా సరిపోతుంది. యూరోలతోపాటు కాసిని స్విస్ ఫ్రాంకులు ఉంచుకోవాలి. బీమా తీసుకునేటప్పుడు కొండల్లో రక్షణ ఖర్చు కూడా అందులో ఉందో లేదో చూసుకోవాలి. స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ వస్తే బిల్లు మన పేరుమీదే వస్తుంది. జూన్ చివరి నుంచి సెప్టెంబరు మధ్యవరకు అనువైన కాలం.

సాధన మాటేమిటి? మన తూర్పు కనుమల్లోని శిఖరాలే 1,700 మీటర్ల లోపు. అయినా బెంగలేదు. ఈ దారిలో ప్రాణవాయువు మరీ తగ్గిపోయేంత ఎత్తులు లేవు. పరీక్షంతా కాళ్లకే. అదీ ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు ఎక్కువ. దిగువకు పరుగెత్తేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపాలి. ఆ నొప్పి ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. అంటే సరిగ్గా మూడోరోజు కనుమ ఎక్కే వేళకి! కాబట్టి ఎక్కడమే కాదు, దిగడం కూడా నెలల ముందునుంచీ అలవాటు చేయాలి. అలిపిరి మెట్లు 3,550 ఉండనే ఉన్నాయి. అవి ఎక్కగలిగినవాళ్లు మెల్లగా దిగి కూడా చూడాలి. కొండ నిట్రంగా ఉన్నచోట మేటి పరుగువీరులు కూడా మోకాళ్లమీద చేతులుంచి నడుస్తారన్నది గుర్తుంచుకుంటే చాలు.

అయిదోరోజు సాయంత్రం లెజూష్‌లో దిగేసరికి చప్పట్లు కొట్టేవాళ్లుండరు. మెడలో పతకం వేసేవాళ్లుండరు. బయల్దేరిన చోటే మళ్లీ నిలబడి ఉంటారు. సంచిలో ఒక్కసారైనా మడత విప్పని వెండిదుప్పటి ఉంటుంది. దాన్ని చూసి 'అనవసరంగా మోశాం' అనుకోనివాళ్లే... మరుసటేడు ఇంకో కొండకు క్షేమంగా వెళ్లొస్తారు!