రెండు బుట్టలు

గత సెప్టెంబరులో అమెరికాలోని మిషిగన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. పెరట్లో ఉన్నది ఒక్కటే ఆపిల్ చెట్టు, కొమ్మలు వంగేలా కాసింది. మామిడికాయల అలవాటుకొద్దీ నేను దోటి కోసం వెదుకుతుంటే పక్కింటి వృద్ధురాలు ఆపింది. కాయను అరచేతిలో పట్టుకుని, కాస్త పైకెత్తి తిప్పాలట. పక్వానికి వస్తే తొడిమతో సహా చేతిలోకి వస్తుంది, లేదంటే వదిలేయాలి. గుంజితే పొట్టి రెమ్మ కూడా విరుగుతుంది. వచ్చే ఏళ్ల పూత వచ్చేది దాని మీదే!

కోసినవి రెండు బుట్టల్లో వేశాం. దెబ్బతగలనివి ఒకదానిలో, రాలి కమిలినవి మరొకదానిలో. మంచివి కాగితంలో చుట్టి చల్లనిచోట ఉంచితే చాలా రకాలు క్రిస్మస్ దాకా నిలుస్తాయి. కమిలినవి ఆగవు, పక్కవాటినీ పాడుచేస్తాయి.

ఆ ఆదివారం అక్కడి తెలుగు సంఘంలో కోత పండుగ. నేను ఎత్తింది రెండో బుట్ట. 'వేలంలో ఎవరో కొంటారు, జామ్ చేసుకుంటారు' అని మనసులో సమాధానం కూడా సిద్ధం. మా అమ్మాయి ఏమీ అనలేదు, బుట్టవైపు చూసిందంతే.

మలాకీ కాలంలో గుడ్డివాటినీ కుంటివాటినీ బలిగా తెచ్చారు. వాటిని మీ అధికారికి ఇస్తే అంగీకరిస్తాడా అని దేవుడు అడిగాడు (మలాకీ 1:8). మందలు లేని మనకు ఆ ప్రశ్న వర్తించదనుకుంటాం. పేదలకిచ్చేటప్పుడూ అంతే. చిరిగిన చీర, నిన్నటి కూర! రాలిన ద్రాక్షపండ్లు పేదలకు వదలమన్నది దేవుడే కదా అని వాదించవచ్చు. నిజమే. కానీ ఆ మాటకు ముందే పొలం అంచులు కోయవద్దన్నాడు (లేవీయకాండము 19:9,10). అంచున పండేదీ నడుమ పండే గింజే. తాలు వేరుచేసి వదలమనలేదు.

అలాగని కమిలినవి పారేయనక్కరలేదు. అయిదువేల మందికి పెట్టిన ప్రభువే మిగిలిన ముక్కలు ఏరించాడు (యోహాను 6:12). ఆ సాయంత్రం చెడిన మేర కోసేసి, మిగతాది ముక్కలు చేసి, దాల్చినచెక్క వేసి మెత్తగా ఉడికించాం. వారం రోజులు మా చపాతీల్లోకి అదే. పంచదార పెద్దగా అవసరం లేకపోయింది.

మంచి బుట్ట మందిరానికి వెళ్లింది. అందులోంచి నాలుగు ముందే తీసి మనవడి కోసం దాచానని కూడా ఒప్పుకోవాలి.