వ్యాధి కలదు, బాధ లేదు

వైద్యగ్రంథములలో ఏ వ్యాధి లక్షణములను చదివినను, అవి ఆసుపత్రి గడప దాటి లోనికి వచ్చినవారి లక్షణములే యని మనము మఱచిపోవుచుందుము. బాధ లేనివాడు వైద్యుని కడకు రాడు. రానివానిని గూర్చి వైద్యుడు వ్రాయజాలడు. 2020 జనవరి చివర వూహాన్ నగరపు వైద్యులు లాన్సెట్ పత్రికలో ప్రకటించిన తొలి నివేదికయందు 41 మంది రోగులుండగా, వారందఱికిని న్యుమోనియా యుండెను. 40 మందికి జ్వరముండెను. దానిని చదివిన లోకము కరోనా యన్నచో జ్వరమే యని తీర్మానించుకొనుటలో వింత లేదు గాని, అది పేరంటమునకు వచ్చిన ముత్తైదువలను లెక్కించి ఊరి జనసంఖ్యను చెప్పిన చందము.

ఈ లెక్కను సరిదిద్దుటకు ఒక ఓడ కావలసివచ్చెను. 2020 జనవరి 20వ తేదీన యొకొహామా రేవును విడిచి, దారిలో 25వ తేదీన హాంకాంగునందు ఒక ప్రయాణికుని దింపి, ఆ ప్రయాణికునికి ఫిబ్రవరి 1న వ్యాధి నిర్ధారితము కాగా, 3వ తేదీన మఱల యొకొహామాకే చేరిన డైమండ్ ప్రిన్సెస్ అను విహారనౌకలో 2,666 మంది ప్రయాణికులును 1,045 మంది సిబ్బందియు, వెరసి 3,711 మంది యుండిరి. 5వ తేదీనుండి ప్రయాణికులు తమ తమ గదులలో క్వారంటైనున నుంచబడిరి. తుదకు 712 మందికి వ్యాధి సోకినట్లు తేలెను. వారిలో సగమునకు కొంచెము తక్కువమందికి పరీక్ష జరిగిననాడు దగ్గు లేదు, జ్వరము లేదు, ఒడలు నొప్పులు లేవు.

ఊరిలో వ్యాధి ఎందఱికి సోకినదో చెప్పుమన్న, ఎంతటి పండితుడైనను అంచనా వేయవలసినదే గాని లెక్క చెప్పజాలడు. ఓడలోనన్ననో భిన్నమునకు హారము తెలియును: ఎక్కినవారెవరో, దిగినవారెవరో పేర్లతో సహా వ్రాసియుండును. బాధ గలవారిని మొదట పరీక్షించి, పిమ్మట వృద్ధులను, ఆపై తక్కినవారిని పరీక్షించుచు పోవుటచేత, ఏనాడును వైద్యుని గడప త్రొక్కనవసరములేని రోగులు ఎల్లరకును కనబడిరి. ఆ మూడువేల యేడువందల మంది యనుభవించిన చెఱను ప్రయోగశాల యనుటకు నాకు మనసొప్పదు. అయినను, వారివలన తెలిసినది మఱియొక విధమున అంత త్వరగా తెలిసెడిది కాదు.

ఆ రోగులలో 104 మంది ఫిబ్రవరి 11 మొదలు 25 వఱకు టోకియోలోని స్వయంరక్షణదళముల కేంద్రవైద్యశాలలో చేర్చబడిరి. అచటి వైద్యులు ప్రకటించిన నివేదికను నేను తీరికగా చదివితిని, చదువదగినది. చేరిననాడు 43 మందికి ఏ లక్షణమును లేదు, 41 మందికి స్వల్పముగా నుండెను, 20 మందికి తీవ్రముగా నుండెను. ఫిబ్రవరి 26వ తేదీతో ముగిసిన పరిశీలనమునందు అవే సంఖ్యలు 33, 43, 28 ఆయెను. లక్షణములు లేని పదిమంది లక్షణములు గలవారలైరి. తీవ్రుల సంఖ్య ఎనిమిది పెరిగెను. కావున ‘లక్షణములు లేనివాడు’ అనునది మనిషికి పెట్టదగిన పేరు కాదు, ఆనాటి స్థితిని దెలుపు మాట మాత్రమే. రెండు దినములాగి చూచినచో ఆ మాట చెల్లకపోవచ్చును.

అంతకంటె విస్మయము గొలుపునది మఱియొకటి కలదు. చివరిదాక ఏ బాధయు నెఱుంగని ఆ 33 మందికి సీ.టీ. స్కాను తీయగా, సుమారు సగముమంది ఊపిరితిత్తులలో మసకమచ్చలు కనిపించెను. లోపల వ్యాధి తన పని తాను చేసికొని పోవుచున్నను, ఆ దేహము యజమానికి కబురంపలేదన్న మాట! రక్తపరీక్షలో లాక్టేట్ డీహైడ్రోజినేజు అను పదార్థము, తరువాత లక్షణములు పొడసూపిన పదిమందిలో ఐదుగురికి హెచ్చుగా నుండగా, తక్కిన 33 మందిలో నలుగురికే హెచ్చెను. తీవ్రుల మధ్యస్థ వయస్సు 73 ఏండ్లు; ఆ 28 మందిలో 16 మందికి రక్తమునందలి లింఫోసైట్లు చేరిననాడే తగ్గియుండెను. పదిమందిలో ఐదుగురు అనునది చిన్న లెక్క యనియు, ఓడ నెక్కినవారిలో వృద్ధులే యెక్కువ యనియు మఱువరాదు. అయితే ఐచి మండలములోని మఱియొక వైద్యశాలకు చేర్చబడిన లక్షణరహితులు 96 మందిలో 11 మందికే తరువాత లక్షణములు కలిగెననుటయు, అదే సంవత్సరమున దక్షిణసముద్రములకు బయలుదేరిన గ్రెగ్ మోర్టిమర్ నౌకలో వ్యాధి సోకిన 128 మందిలో 104 మందికి ఏ బాధయు లేకుండెననుటయు చూడగా, ఇది ఒక్క ఓడ కథ కాదని తోచును.

ఇంత తెలిసిన పిమ్మటను మన పట్టణములలో దేవాలయమునకు, దుకాణమునకు, కచేరికి పోయిన ప్రతివాని నుదుటికిని ఉష్ణమాపకమును గుఱిపెట్టి, కొన్నిచోట్ల నుదురును విడిచి మణికట్టునకు గుఱిపెట్టి, లోనికి పంపుచు సంవత్సరములు గడిపితిమి. ఆ యంత్రము పట్టుకొన్న కాపలావానిని నేను నిందింపను. అతనికిచ్చిన పని యది. జ్వరము లేనివానివద్ద జ్వరమును వెదకుమని శాసించినవారే ఆ నివేదికను చదువవలసియుండెను. టోకియో వైద్యులు తీవ్రతకు గుఱుతుగా గ్రహించిన వానిలో ఆయాసముతోపాటు రక్తమున ప్రాణవాయువు నూటికి 93 కంటె తగ్గుటయు నుండెను. వ్రేలికి తగిలించు పల్స్ ఆక్సీమీటరు 2021 వేసవినాటికి మన యిండ్లలోనికి వచ్చినది గాని, అదియు ప్రజలు భయముచేత తామే కొనితెచ్చుకొన్నది.

వయస్సు, రక్తపరీక్ష, ఛాయాచిత్రము, ఇవియే రోగచరిత్ర యనిపించుకొనుచున్నవి. ఎవడు ఏ గదిలో పరుండెను, ఎవడెవని తలుపు తట్టి అన్నపు పళ్లెరమందించెను అనునది కూడ అందు చేరవలెనని నా యభిప్రాయము. డైమండ్ ప్రిన్సెస్ నౌకలో ప్రయాణికులు గదులలో మూసుకొని కూర్చుండగా, వారికి వండి వడ్డించు సిబ్బంది తిరుగక తప్పలేదు. ఫిబ్రవరి 9 నాటికి వ్యాధి నిర్ధారితమైన 20 మంది సిబ్బందిలో 15 మంది భోజనశాల కొలువువారే. ఓడ సిబ్బంది యందఱి మధ్యస్థ వయస్సు 36. ఆ వయస్సున దేహము బాధను తెలియనీయక పని చేయుచునే యుండవచ్చును. ఆ నౌకలో భారతీయులు 138 మంది యుండగా, వారిలో 132 మంది సిబ్బందియే. ఆ 138 మందిలో వ్యాధి సోకిన 16 మంది జపానులోనే చికిత్సకు నిలిచిపోగా, 119 మంది ఫిబ్రవరి 27న ఎయిర్ ఇండియా విమానమున ఢిల్లీ చేరిరి. అచటినుండి వారిని ఇంటికి కాక, మానేసరులోని సైనికశిబిరమునకు మఱియొక క్వారంటైనునకు కొనిపోయిరి.

— పరిశీలకుడు