విదేశాంగ మంత్రి గారికి గణపవరం నుంచి

అయ్యా,

మా గణపవరంలో, కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో చేపల చెరువుల మీద అప్పుచేసో, పొలం తాకట్టు పెట్టో పిల్లల్ని అమెరికా చదువులకు పంపిన ఇళ్లున్నాయి. 2019 జనవరి చివర్లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో 129 మంది భారతీయ విద్యార్థుల్ని అక్కడి ఇమిగ్రేషన్ అధికారులు నిర్బంధించారు. ఎక్కువమంది తెలుగువాళ్లే. ఆ యూనివర్సిటీని వల పన్నడానికి పెట్టింది అమెరికా ప్రభుత్వమే! క్లాసుల్లేని చదువుకు ఫీజు కట్టిన పిల్లల్ని వెనకేసుకు రావడం లేదు.

కానీ ఆ అధికారులకూ హద్దులున్నాయి. వారంటు లేకుండా పట్టుకుంటే మామూలుగా 48 గంటల్లో నిర్బంధంలో ఉంచాలో వదలాలో తేల్చాలి. పట్టుబడిన మనిషి కోరితే మన కాన్సులేటుకు ఆలస్యం లేకుండా తెలపాలి. 1963 వియన్నా ఒప్పందం చెప్పేది అదే. దేశం నుంచి పంపేయమని తుది ఉత్తర్వు వచ్చాక కూడా, పంపే దారి కనబడకపోతే ఏళ్ల తరబడి ఉంచేయడం కుదరదని 2001లో జాడ్విడాస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. లాయరును మాత్రం మన ఖర్చుతోనే పెట్టుకోవాలి.

ఈ నాలుగు ముక్కలూ తెలుగులో అచ్చువేసి పాస్‌పోర్టుతో పాటే ఇప్పించండి. 2019లో మన రాయబార కార్యాలయం 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టింది, అరెస్టులయ్యాక. ఈసారి ముందే పెట్టించండి, తెలుగు వచ్చిన మనిషితో.

ఇట్లు,
గణపవరం వాస్తవ్యుడు