మస్టరులో పేరు రహస్యమెలా అవుతుంది?

చెరువులో పూడిక తీయించామని బిల్లు ఎత్తారు. ఆ పనికి వెళ్లిన కూలీలెవరు, డబ్బు ఎవరి ఖాతాల్లో పడింది, కొలతల పుస్తకంలో సంతకం పెట్టిన ఇంజినీరు ఎవరు? ఈ ప్రశ్నల్లో దేనికైనా జవాబు మనిషి పేరుతోనే మొదలవుతుంది. ఆ పేరు ‘వ్యక్తిగత సమాచారం’ కాబట్టి ఇవ్వబోమని దరఖాస్తును తిప్పి పంపే వీలు ఇప్పుడు చట్టమే అధికారికి కల్పించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 44(3) సెక్షన్, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను మార్చేసింది. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. పార్లమెంటు ఈ సవరణను రద్దు చేసి పాత నిబంధనను యథాతథంగా పునరుద్ధరించాలి.

పాత నిబంధన ఎవరి గోప్యతనూ గాలికి వదిలేయలేదు. ప్రజా కార్యకలాపాలతోగానీ ప్రజాప్రయోజనంతోగానీ సంబంధం లేని సొంత వివరాలను, అకారణంగా ఒకరి గోప్యతలో చొరబడే వివరాలను ఇవ్వనక్కర్లేదని చెప్పింది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే మాత్రం ఇవ్వాలంది. పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించరాదనీ స్పష్టం చేసింది. అంటే ఎమ్మెల్యే సభలో అడిగి తెలుసుకోగలిగిన విషయాన్ని, ఆయనకు ఓటేసిన రైతు పది రూపాయల రుసుము కట్టి తెలుసుకోవచ్చు. ఈ చట్టంలో ఇంతకంటే గొప్ప వాక్యం మరొకటి లేదని మా నమ్మకం. సవరణ దాన్నే తుడిచేసింది. ‘వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది’ అయితే చాలు, ఇవ్వనవసరం లేదన్నది ఇప్పటి నిబంధన. ఆ మాటకు సమాచార హక్కు చట్టంలో నిర్వచనమే లేదు. డేటా చట్టం ప్రకారం చూస్తే ఫలానా మనిషని గుర్తుపట్టగలిగే ఏ వివరమైనా వ్యక్తిగతమే. సర్కారు కాగితాల్లో పేరు, సంతకం లేనివి ఎన్ని ఉంటాయి?

ఈ హక్కు పుట్టిందే పేర్ల కోసం. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి ఊరూరా బహిరంగ విచారణలు పెట్టి మస్టరు రోల్సు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు జనం ముందు చదివించింది. 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా జరిగింది. ఆ కూలీల పోరాటమే 2005 నాటికి చట్టమైంది. తెలుగు నేలపై ఆ ఫలితాన్ని కళ్లారా చూశాం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగిన సామాజిక తనిఖీ దేశానికే దారి చూపింది. గ్రామసభలో మస్టరు పైకి చదివేవారు. పేరు, పని దినాలు, కూలి మొత్తం. ఎప్పుడో చనిపోయిన మనిషి పేరున కూలి పడిందని అతని భార్యే లేచి చెప్పేది. బెంగళూరులో మేస్త్రి పని చేసుకుంటున్న కొడుకు ఊళ్లో మట్టి ఎలా తవ్వాడని తండ్రి నిలదీసేవాడు. పేర్లు కొట్టేసిన మస్టరు చేతికిస్తే అక్కడ ఎవరు లేచి ఏం చెప్పగలరు?

8(2) సెక్షన్ అలాగే ఉంది కదా, ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చు కదా అని కేంద్రం వాదిస్తోంది. ఆ సెక్షన్ అధికార యంత్రాంగానికి వీలు కల్పిస్తుందే తప్ప దానిపై బాధ్యత మోపదు. తహసీల్దారు కార్యాలయంలోని పౌర సమాచార అధికారి పైవాళ్ల కోపానికి గురై మరీ ఆ వీలు వాడుకుంటాడని ఎవరూ అనుకోరు. ఒక్క వాక్యంతో తిరస్కరిస్తాడు. ఆపై మొదటి అప్పీలు, రెండో అప్పీలు, కమిషన్ వాయిదాలు. రోజు కూలి వదులుకుని వాటన్నిటి చుట్టూ తిరగడం అడిగినవాడి వంతు.

గోప్యత ప్రాథమిక హక్కేనన్న 2017 నాటి పుట్టస్వామి తీర్పును మేం మనస్ఫూర్తిగా సమర్థిస్తాం. ఆధార్ నంబరు, ఆస్పత్రి చీటీ, ఆడపిల్ల ఫోన్ నంబరు బజారున పడకూడదు. అయితే గోప్యత, తెలుసుకునే హక్కు ఎదురుపడితే ఏం చేయాలో సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్ల కేసులో చూపింది. దాతల గోప్యతను, ఓటరు హక్కును రెంటినీ తూచి 2024 ఫిబ్రవరి 15న ఆ పథకాన్ని కొట్టేసింది. అలా తూచే పనినే 8(1)(జె)లోంచి తీసేశారు. 2019లో సమాచార కమిషనర్ల పదవీకాలాన్ని, జీతభత్యాలను కేంద్రం తన చేతిలోకి తీసుకున్నప్పుడే చట్టం బలహీనపడింది. ఇది అంతకన్నా లోతైన దెబ్బ.

పార్లమెంటు కదిలేదాకా రాష్ట్రాలు చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. సమాచార హక్కు చట్టంలోని 4(1)(బి) సెక్షన్ జోలికి ఎవరూ రాలేదు. రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలు, అనుమతులు, మినహాయింపులు పొందినవారి వివరాలు, ఉద్యోగుల నెల జీతాలు ఎవరూ అడగకుండానే వెల్లడించాలని అది ఆదేశిస్తోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు వాటిని గ్రామ పంచాయతీ గోడల మీద, వెబ్‌సైట్లలో పెట్టాలి. ప్రజాధనంతో జరిగిన పనుల కాగితాలను వ్యక్తిగతమన్న సాకుతో నిరాకరించొద్దని ప్రతి సమాచార అధికారికీ రాతపూర్వకంగా ఉత్తర్వులివ్వాలి. ఢిల్లీలో మన ఎంపీలు, ఏ పార్టీ వారైనా, 44(3) రద్దుకు ప్రైవేటు బిల్లు పెట్టాలి. ఎవరు పెట్టారో, ఎవరు మౌనంగా ఉన్నారో పేరుపేరునా ఈ పత్రిక ప్రచురిస్తుంది.