కదలాల్సింది మగ్గం



మన పిల్లలు కొందరు సోర్స్ ఇంజిన్‌లో, హామర్ ఎడిటర్ మీద, పాత చేమగ్గాల కార్ఖానాను ఆటలో ఒక లెవెల్‌గా కడుతున్నారు. చూసినవాళ్లు చాలామంది "అన్నీ కదిలేలా పెట్టండి, అప్పుడే మజా" అంటున్నారు. మేము దీనికి ఒప్పుకోం. ఎందుకో చెప్తాం.

లెవెల్‌లో వస్తువు పెట్టడానికి ముఖ్యంగా మూడు రకాలున్నాయి. ప్రాప్ స్టాటిక్ పెట్టిన చోటే ఉంటుంది. దాని మీద పడే వెలుతురు లెక్క లెవెల్ తయారయ్యేటప్పుడే అయిపోతుంది కాబట్టి ఆట నడిచేటప్పుడు కంప్యూటర్ మీద బరువు తక్కువ. ప్రాప్ డైనమిక్ మోడల్‌లో ముందే చేసిపెట్టిన కదలికను ఆడిస్తుంది. ప్రాప్ ఫిజిక్స్ తోస్తే పడుతుంది, ఎత్తితే లేస్తుంది. దాని ప్రతి కదలికనూ ఇంజిన్ అప్పటికప్పుడు లెక్కకట్టాలి.

మా మాట ఇది: మొదట అన్నీ స్టాటిక్ అనుకోండి. తర్వాత ఒక్కో వస్తువు దగ్గర ఆగి, ఇది కదలకపోతే ఏం పోతుందని అడగండి. బీరువా, గోడవార పేర్చిన నూలు మూటలు కదలకపోతే పోయేదేం లేదు. ఆడేవాళ్లు ఎత్తి బండిలో వేయాల్సిన చద్దర్ల కట్టకు ఫిజిక్స్ కావాలి. మరి మగ్గం? నాడె అటూ ఇటూ పోకపోతే అది ఉత్త కట్టె సామాను. కదలికతో మోడల్ చేయడం ఎంత కష్టమైనా దాన్ని డైనమిక్‌గా పెట్టాల్సిందే.

మోడల్‌ను ఏ రకానికి తయారుచేశారో కూడా చూసుకోవాలి. ఫిజిక్స్ వివరాలు లేని మోడల్‌ను ప్రాప్ ఫిజిక్స్‌గా పెడితే లెవెల్ తెరుచుకోగానే ఇంజిన్ దాన్ని తీసేస్తుంది. హామర్ మోడల్ బ్రౌజర్‌లోని ఇన్ఫో ట్యాబ్ చూస్తే అది దేనికి పనికొస్తుందో తెలుస్తుంది.

సంఘం ఆఫీసులో ఉన్నవి పాత కంప్యూటర్లు. వందల మూటలకు ఫిజిక్స్ పెడితే అవి మొరాయిస్తాయి, చూడ్డానికొచ్చిన పెద్దలు విసుగొచ్చి లేచిపోతారు. ఏళ్ల తరబడి మగ్గం మీద కూర్చున్నవాళ్లకు ఎగిరిపడే కుర్చీలు చూపించి ఏం లాభం? నాడె పోయే తీరు తప్పైతే మాత్రం వాళ్లు వెంటనే పట్టేస్తారు.

అందుకే అడుగుతున్నాం. ఇంట్లో మగ్గం నేసిన పెద్దలుంటే సంఘానికి తీసుకురండి. ఏ కాలు తొక్కాక నాడె ఎటు పోతుందో పిల్లలకు వాళ్లే చూపించాలి.