పిల్లల యాట, పెద్దల రచ్చ

బాస్కెట్‌బాల్ క్రీడను 1891లో అమెరికాయందలి స్ప్రింగ్‌ఫీల్డున జేమ్స్ నైస్మిత్ కల్పించెను. చలికాలమున యువకులు గాయపడకుండ లోపల నాడుకొనుటకై యది పుట్టినది. ఆతని 13 నియమములలో భుజముతో నెట్టుట, పట్టుకొనుట, కాలడ్డుట, కొట్టుట తప్పులు. రెండవమాఱు తప్పినవాడు మరుసటి గోలు పడువఱకు వెలుపల నిలువవలెను. ఆ యాట నేడు మన పాఠశాలలలో నేగతి పట్టినదో చూచినవారికి ఖేదము కలుగక మానదు.

బాలుని తొందరపాటును క్షమింపవచ్చును. రెఫరీపై విరుచుకుపడు శిక్షకునకు, పరుల బిడ్డను తిట్టు తండ్రికి ఏమి సాకు కలదు? పందెము చూచి కేకలు వేయుట మేమును ఎఱుగనిది కాదు. కాని తిట్లకు వెఱచి బంతిని విడిచిపోవు పిల్లవాడు మరల రాడు. వయస్సు దిద్దించువారును కలరు. 2001లో అమెరికా లిటిల్ లీగ్ బేస్‌బాలున మూడవస్థానము పొందిన న్యూయార్కు జట్టులో బంతి విసరు బాలునికి 12 కాక 14 ఏండ్లని తేలి, జట్టు గెలుపులన్నియు రద్దయ్యెను. పత్రమును మార్చినది బాలుడు కాదు.

శిక్షకునిపై టెక్నికల్ ఫౌలు విధించు నధికారము రెఫరీకి నియమములలోనే కలదు. దానిని జంకక వాడవలెననియు, ప్రేక్షకులలో దూషణలు చెలరేగినచో అవి యణగువఱకు ఆట నిలుపవలెననియు పాఠశాలాధికారులను కోరుచున్నాము.